నిద్రపోయింది మా అన్న కాదు

మొన్న సిరిసిల్లలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడి ఉంటే, నా వెనక ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"గాయిననే. డిజైన్ సాంచ మీద నిద్రపోయి మూడు చీరెలు ఖరాబ్ జేసిండు."

"గంత మోతల నిద్రెట్ల వట్టిందే?"

"అలవాటైనోనికి మోతే జోలపాట గదనే."

ఇద్దరూ నవ్వారు. వాళ్లు చెప్పుకుంటున్నది మా అన్న గురించి. ముందు నిలబడ్డది ఆయన చెల్లెలని వాళ్లకు తెలియదు. వెనక్కి తిరిగి, ఆ చీరలు పాడుచేసింది నేనని చెబుదామనుకున్నాను. ఎట్లా అని అడుగుతారు. ఎట్లా అన్నది పప్పు గరిటె నా ప్లేటు దాకా వచ్చేలోపు చెప్పగలిగింది కాదు. ప్లేటు ముందుకు చాపాను. ఏం తిన్నానో గుర్తులేదు. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా కాళ్లు నిమ్మళంగా లేవు.

ఆ ముచ్చట రెండేళ్ల కిందటిది. అది ఇంకా పెళ్లిళ్లలో నవ్వుకునే ముచ్చటగా తిరుగుతోందంటే, నేను చెప్పవలసిన చోట చెప్పలేదనే అర్థం. అందుకే రాస్తున్నాను. ఈసారి ఎవరైనా నవ్వితే ఈ కాగితాలు చేతిలో పెడతాను.

మాది కథలాపూర్ పక్కన పల్లె. మా నాన్న, బాపు, కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. అన్న ఆ పని నేర్చుకున్నాడు కానీ పదహారేళ్లకే సిరిసిల్ల వెళ్లి సాంచాల పనిలో చేరాడు. సాంచ అంటే పవర్‌లూమ్, కరెంటు మగ్గం. నా చదువు ఇంటర్‌తో ఆగింది. కోరుట్లలో బస్టాండ్ దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు పెట్టుకున్నాను. షాపులో కంప్యూటర్ చెడిపోతే బాగుచేసేవాడు రావడానికి మూడు రోజులు పట్టేది. వచ్చి మూడు నిమిషాల్లో చేసి వెళ్లేవాడు. ఆ మూడు నిమిషాల్లో ఏం చేశాడో తెలుసుకోవాలన్న పంతంతో జగిత్యాల గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను.

అక్కడ ఫ్యాన్ కింది బల్లలన్నీ పోటీ పరీక్షల వాళ్లవి. నాకు దొరికింది గోడవార అలమారా పక్కన ఒక కుర్చీ. ఆ అలమారాలో ఎవరూ అడగని ఇంగ్లిష్ కంప్యూటర్ పుస్తకాలు పందొమ్మిది ఉండేవి. ఒడిలో నిఘంటువు పెట్టుకుని చదివాను. మొదట్లో పేజీకి ఒక పూట పట్టేది. నాలుగేళ్లలో పందొమ్మిదీ అయిపోయాయి. కొన్ని రెండుసార్లు. కాలేజీ మెట్టు ఎక్కని మనిషిని అయినా, ఎవరైనా తెరిచి చదువుకోగల, మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం ఒకటి ఉందనీ, దాని లోపలి భాగాలు ఎట్లా పనిచేస్తాయో రాసిన కాగితాలు ఎవరికైనా దొరుకుతాయనీ తెలుసుకున్నాను. ఈ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాచుకోను. కానీ ఈ కథలో తప్పు జరిగింది కూడా ఆ గర్వం ఉన్న చోటే.

అన్న పనిచేసే షెడ్డులో నలభై సాంచలు ఉంటాయి. ముప్పై తొమ్మిది మామూలు బట్ట నేస్తాయి. ఒక్కదాని మీద మాత్రం పైన కరెంటుతో నడిచే జాకార్డు తల ఉంది. చీర అంచులో పువ్వులు, మామిడి పిందెలు వచ్చేట్టు ఏ పోగు లేవాలో, ఏది కిందనే ఉండాలో అది చూసుకుంటుంది. ఆ తలకు ఒక డబ్బా, డబ్బాకు ఒక కంప్యూటర్. కంప్యూటర్ డిజైన్‌ను లైను లైనుగా డబ్బాకు పంపుతుంది. సాంచ చక్రం ఒక చుట్టు తిరిగి అడ్డంగా ఒక పేక పోగు పడితే, డబ్బా తర్వాతి లైను అడుగుతుంది. రెండు వందల పదో పోగు దగ్గర రెండు వందల పదో లైనే ఉండాలి. లేకపోతే పిందె నడుమకు తెగుతుంది.

ఆ సాంచ దక్కించుకోవడానికి అన్న చాలా ఏళ్లు ఎదురుచూశాడు. ఇరవై ఏళ్లు తెల్లబట్ట నేసినవాడు. "పువ్వు నేసినంక తెల్లబట్ట నెయ్యబుద్ధి గాదు చెల్లే," అన్నాడు మొదటి చీర దింపిన రోజు.

పాత కంప్యూటర్ పాడైంది. దాన్ని బిగించినవాళ్ల ఫోను పలకలేదు. సేటు, అంటే షెడ్డు యజమాని, తల పీకేయిస్తానంటే అన్న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నేను ఒక పాత కంప్యూటర్ తెచ్చి, ఆ డబ్బాకు కావలసిన డ్రైవర్ నేనే రాశాను. డ్రైవర్ అంటే ఒక పరికరంతో ఎట్లా మాట్లాడాలో తెలిసిన చిన్న ప్రోగ్రాం. అది రాయడానికి రెండు నెలలు పట్టింది. తల మళ్లీ నడిచింది. షెడ్డులో అందరూ వచ్చి చూశారు. ఆ రోజు టీ అన్నే తెచ్చి ఇచ్చాడు.

అంతటితో ఆపి ఉంటే బాగుండేది.

ఎండాకాలం గాలిదుమారాలకు కరెంటు పోయేది. కంప్యూటర్‌కు ఉన్న చిన్న బ్యాటరీ రెండు నిమిషాలకు మించి ఆగదు. డబ్బాకు అదీ లేదు. కరెంటు వచ్చాక కంప్యూటర్‌ను మొదటినుంచి లేపి, డిజైన్ ఎక్కించి, ఎక్కడ ఆగిందో బట్ట మీద వెతికి లైను నంబరు కొట్టాలి. అన్నకు ఇది అరగంట పని. ఆ అరగంట నేను తీసేస్తానన్నాను. దానికి పుస్తకంలో ఒక మంచి ఉపాయం చూసి పెట్టుకున్నాను. హైబర్నేట్.

కంప్యూటర్‌కు రెండు నిద్రలు. ఒకటి కునుకు. దానికి కొంచెమైనా కరెంటు అందుతూ ఉండాలి. రెండోది హైబర్నేట్. మెమరీలో ఉన్నదంతా డిస్కులోకి రాసిపెట్టి పూర్తిగా ఆరిపోతుంది. ప్లగ్గు పీకినా ఫరక్ లేదు. మళ్లీ లేచినప్పుడు రాసినదంతా మెమరీలోకి తెచ్చుకుని, ఆగిన చోటునుంచే అందుకుంటుంది. మధ్యలో గంట గడిచిందో, రోజు గడిచిందో ప్రోగ్రాములకు పట్టదు. కరెంటు పోయిన క్షణమే కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేట్టు పెట్టాను. రెండు నిమిషాల బ్యాటరీ దానికి చాలు.

కోరుట్లలో నా బల్ల మీద ఒక పాత డబ్బా పెట్టుకుని యాభైసార్లు పడుకోబెట్టి, యాభైసార్లు లేపాను. ప్రతిసారీ ఆగిన లైను దగ్గరే లేచింది. సిరిసిల్ల వెళ్లి బిగించి, "ఇగ నువ్వు దాన్ని ముట్టుడే లేదు. కరెంట్ అస్తె అదే లేస్తది, మీట నొక్కుడే," అని అన్నకు చెప్పాను.

పది రోజులకు మొదటి చీర పాడైంది. అంచులో ఒక పిందె ముక్కు దగ్గర ఎవరో కత్తిరించి పక్కకు జరిపి అతికించినట్టు తెగింది. సేటు చూసి, పోనీలే అన్నాడు. తర్వాత వారం రెండోది, అదే తీరు. ఈసారి ఆయన చీరను వెలుతురుకు పట్టి, "ఏమయ్యా, కూసోని కునుకుతున్నవా?" అన్నాడట. పక్క సాంచాల వాళ్లు విన్నారు. అంతే, షెడ్డులో ఆ మాట పుట్టింది.

అన్న ఫోను చేశాడు. నేను షాపు మూసి బస్సెక్కాను. కథలాపూర్, చందుర్తి దాటే దాకా నాలుగుసార్లు సంచి తెరిచి, డ్రైవర్ అచ్చు తీసిన కాగితాలే చదివాను. షెడ్డులోకి వెళ్లగానే అడిగాను.

"కరెంట్ పోయినంక కంప్యూటర్ ముట్టినవా?"

"నువ్వే అద్దంటివి గదా. ముట్టలే."

"డబ్బా?"

"డబ్బా నాకెందుకే? ముట్టలే."

నేను అడిగిన రెండూ తప్పు ప్రశ్నలని తెలుసుకోవడానికి ఇంకో చీర పట్టింది.

రెండు రోజులు అన్న ఇంట్లోనే ఉండి నేను రాసిన డ్రైవర్‌ను లైను లైనుగా చూశాను. అన్నం ముందు కూర్చుంటే ఏదో తట్టినట్టయ్యి మధ్యలో లేచేదాన్ని. వదిన గుమ్మం దగ్గర నిలబడి, "మా ఆడిబిడ్డకు లైబ్రరీల అన్నీ చెప్పిన్రు గని, బువ్వ తినుడు జెప్పలే," అనేది బాపుతో. బాపు నవ్వేవాడు కాదు. ఆయన ఇప్పుడు అన్న దగ్గరే ఉంటాడు. 

రెండో రోజు ఒక తప్పు దొరికింది. హైబర్నేట్‌లో ఒక విచిత్రం ఉంది. ముందు ప్రోగ్రాములన్నిటినీ ఆపుతారు. తర్వాత పరికరాలన్నిటినీ కదలకుండా చేస్తారు. అంతా నిశ్చలంగా ఉన్నప్పుడు మెమరీని ఫొటో తీసినట్టు తీసుకుంటారు. కానీ ఆ ఫొటోను డిస్కులోకి రాయాలంటే డిస్కు లేవాలి కదా! అందుకని పరికరాలను మళ్లీ ఒకసారి లేపుతారు. రాయడం అయ్యాక అప్పుడు అసలు పడుకోబెడతారు. ఈ నడిమి మేలుకొలుపు నిజమైన మేలుకొలుపు కాదు. ఆ సమయంలో నా డబ్బాతో ఎవరికీ పని లేదు. కానీ నా డ్రైవర్‌కు ఆ తేడా తెలియదు. తెల్లవారిందనుకుని డబ్బాను పలకరిస్తోంది.

దొరికిందిరా దొంగ అనుకున్నాను. ఆ నడిమి మేలుకొలుపులో నోరు మూసుకుని ఉండమని డ్రైవర్‌కు రాశాను. సేటు ముందుకు వెళ్లి, "తప్పు దొరికింది సేటు, మా అన్నది గాదు, మిషిన్‌ది. మంచిగ జేసిన," అని గట్టిగా, పక్కవాళ్లకు కూడా వినిపించేట్టు చెప్పాను. ఆయన తలూపాడు.

అది తప్పే. దిద్దవలసిందే. కానీ పిందె తెగడానికి దానికీ సంబంధం లేదు. ఒక తప్పు దొరికితే అదే వెతుకుతున్న తప్పు అనుకోవడం ఎంత తేలికో!

తొమ్మిది రోజులకు దుమారం లేచింది. మూడో చీర తెగింది.

ఈసారి సేటు కోప్పడలేదట. అదే అన్నను భయపెట్టింది. "నీ చెల్లె మిషిన్ మంచిగ జేసిన్నన్నది. ఇగ మిగిలింది నువ్వే గదనయ్యా," అన్నాడట. ఇంకొక్క చీర తెగితే ఆ సాంచ మీదికి వేరే మనిషి వస్తాడు, అన్న తెల్లబట్టకు పోవాలి. నేను గట్టిగా చెప్పిన మాటే తిప్పి మా అన్న మెడకు చుట్టాడు. నేనే తాడు అందించాను.

మళ్లీ బస్సు. షెడ్డులో అడుగుపెట్టగానే మొదట కనబడ్డది పీట. సాంచాల పనివాళ్లు పోగు తెగే దాకా కాసేపు కూర్చోవడానికి ఒక చిన్న పీట పెట్టుకుంటారు. అన్న పీట పక్క సాంచాయన దగ్గర ఉంది. అన్న నిలబడి ఉన్నాడు.

"పీట ఏమైందే?"

"ఇచ్చేసిన."

"ఎందుకే?"

ఆ మోతలో ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమో చెల్లే. నిజంగనే కన్నంటుకుంటుందేమో. నాకు యాదికుంటలేదేమో. నిలవడితె నిద్ర రాదు గదా."

పన్నెండు గంటలు నిలబడి పనిచేస్తున్నాడు. అప్పటిదాకా నాకు భయం సాంచ పోతుందని. ఆ మాట విన్నాక ఇంకో భయం మొదలైంది. ఇరవై ఏళ్లుగా తన చేతులను నమ్ముకున్న మనిషి నా వల్ల తన కళ్లనే అనుమానిస్తున్నాడు. తప్పు దొరకకపోతే రేపో మాపో తనే పోయి, నేను నిద్రపోయాను సేటు, అని ఒప్పుకునేట్టు ఉన్నాడు.

ఆ రోజు కంప్యూటర్ తెరవలేదు. కాగితాలు కూడా తీయలేదు. ఆ పక్క సాంచాయన దగ్గర అన్న పీట అడిగి తీసుకుని దాని మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఏం చూడాలో తెలియదు. దూది నూగు ముక్కులోకి పోతోంది. లేచి నాలుగడుగులు తిరిగి మళ్లీ కూర్చునేదాన్ని. మధ్యాహ్నం గాలి లేచింది. రేకులు కొట్టుకున్నాయి. కరెంటు పోయింది.

నలభై సాంచల మోత ఒక్కసారి ఆగితే చెవుల్లో గుయ్యిమంటుంది. ఆ నిశ్శబ్దంలో నేను కంప్యూటర్ వైపు చూశాను. అది చెప్పినట్టే నిద్రకు పోతోంది. తర్వాత అన్న వైపు చూశాను.

అన్న కుడిచెయ్యి సాంచ పక్కనున్న చక్రం మీదికి వెళ్లింది. చక్రాన్ని వెనక్కి తిప్పాడు. ఒక చుట్టు, రెండు, మూడు. దారాలు పైవి కిందికి, కిందివి పైకి వచ్చి, అన్నీ ఒక వరుసకు రాగానే వదిలేసి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పక్కాయన కూడా తిప్పాడు. అటు చివరాయన కూడా. షెడ్డు నిండా చేతులు చక్రాలు తిప్పి, వదిలేసి, బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాయి.

"అన్నా, ఇప్పుడేం జేసినవే?"

"ఏం జేసిన?"

"చక్రం తిప్పినవ్."

"తిప్పకుంటె ఎట్లనే? పడుగు తెరుచుకోని ఉంటె పోగులు గుంజుకుంటయి. కరెంట్ అచ్చినంక బట్ట మీద చార పడదా?"

"ప్రతిసారి తిప్పుతవా?"

"సమంగ ఆగితె తిప్ప. లేకుంటె తిప్పుత. అందరు తిప్పుతరు. మా ఉస్తాద్ గిట్లనే నేర్పిండు."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు డబ్బా ముట్టినవా అన్నవు. గిదేం డబ్బానా?"

 పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, సాగి చార పడకుండా ఉండాలని ఆ చెయ్యి నేర్చుకున్న జాగ్రత్తే పిందెను తెంపుతోంది. మునుపు అట్టల జాకార్డు ఉన్న రోజుల్లో ఇది తప్పు కాదు. రంధ్రాలు కొట్టిన అట్టల దండ సాంచకే కట్టి ఉండేది. చక్రం వెనక్కి తిప్పితే, వాళ్లు ఒక తాడు గుంజి అట్టలనూ అన్నే వెనక్కి తెచ్చేవారు. సాంచ ఎక్కడుంటే డిజైన్ అక్కడ. ఇప్పుడు డిజైన్ కంప్యూటర్‌లో ఉంది. అది నిద్రలో ఉంది. డబ్బాకు కరెంటు లేదు, చుట్లు లెక్కపెట్టేవాళ్లు లేరు. సాంచ మూడు పోగులు వెనక్కి వెళ్లింది. కంప్యూటర్ లేచి, మధ్యలో ఏమీ జరగలేదనుకుని, తను దాచుకున్న నంబరును డబ్బా చేతిలో పెడుతోంది. పెట్టమని రాసింది నేను.

కోరుట్లలో నా బల్ల మీద యాభైసార్లు సరిగ్గా లేచిందంటే లేవదా? నా బల్ల మీద సాంచ లేదు. చక్రం తిప్పే అన్న లేడు.

మరునాడు జగిత్యాల వెళ్లి ఆ అలమారా ముందు నిలబడ్డాను. కావలసిన పుస్తకం బయటికి ఇవ్వనిది. రెండు రోజులకు ఇవ్వమని బతిమాలాను. నేను రెండుసార్లు చదివిన పుస్తకమే. అందులో ఆ మాట ఉంది, పెన్సిల్‌తో నేనే గీత కూడా గీసి ఉంది. కునుకు నుంచి లేచిన పరికరం తన సంగతి తనకు కొంత గుర్తుంచుకుని ఉండొచ్చు. డిస్కులోకి రాసుకుని ఆరిపోయి లేచినప్పుడు మాత్రం, పరికరం ఏ స్థితిలో ఉందో డ్రైవర్ ఏమీ అనుకోకూడదు. మొదటిసారి చూస్తున్నట్టు దాన్ని మొదటినుంచి సిద్ధం చేయాలి. చదివాను, గీత గీశాను, రెండు నిద్రలకూ ఒకటే ఏర్పాటు రాశాను. పరికరం అంటే ఆ డబ్బా అనుకున్నాను. దాని వెనక నాలుగు వందల కిలోల ఇనుము, దాని మీద ఒక చెయ్యి ఉన్నాయనుకోలేదు.

సిరిసిల్లకు తిరిగొచ్చి బాపుకు చెప్పాను. ఆయనకు కంప్యూటర్ తెలియదు. విని, "పొద్దుగాల జూసిన మోకును మాపటీలి మళ్ల జూస్తం గదా బిడ్డా," అన్నాడు. మోకు అంటే తాళ్లెక్కేవాళ్లు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావు తాడు. చిన్నప్పుడు ఆయనకు సద్ది తీసుకెళ్లినప్పుడు చూసేదాన్ని. పొద్దున ఎక్కిన చెట్టే, పొద్దున కట్టిన మోకే అయినా, సాయంత్రం ఎక్కేముందు మూడుసార్లు గుంజి చూసేవాడు. నాకు విసుగు పుట్టేది, పొద్దున చూశావు కదా అని. "నడుమల ఎలుక కొరికిందో, ఎండకు నెరిసిందో నాకేం ఎరుక," అనేవాడు. జగిత్యాల పోయి నాలుగేళ్లు చదివినదాన్ని. ఇంట్లో ఉన్నది చూడలేదు.

సేటు దగ్గరికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. మొదటిసారి గట్టిగా అరిచి చెప్పినదాన్ని. ఇప్పుడు ఏ నోటితో చెప్పాలి?

"సేటు, తప్పు నాది," అన్నాను.

ఆయన అద్దాలు తీసి చూశాడు. "మొన్న మిషిన్‌ది అన్నవ్. ఇయ్యాల నీది అంటున్నవ్. రేపు నాది అంటవా బిడ్డా? అన్న కోసం చెల్లె ఏదైన జెప్తది."

"జెప్ప. సూపిస్త. మెయిన్ బంద్ జెయ్యుమనుండ్రి."

మధ్యాహ్నం అన్నాల వేళ. షెడ్డులో అందరూ వెళ్లిపోయారు. సేటు, అన్న, పక్క సాంచాయన, నేను, నలుగురమే. చీర అయిపోయి, తర్వాతి చీరకు ముందు వదిలే ఖాళీ బట్ట మీద పిందె మొదలుపెట్టించాను. పాత డ్రైవర్‌నే ఉంచాను.

అన్న ఒప్పుకోలేదు. "తెలిసి తెలిసి నా చేతులతోని తప్పు నెయ్యాల్నా?"

"నువ్వు తప్పు నేసుడు గాదే. రోజు జేసేదే జెయ్యి."

పక్క సాంచాయన గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ బంద్ చేశాడు. అన్న చెయ్యి చక్రం మీదికి దానంతట అదే వెళ్లింది. నేను పైకే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. కంప్యూటర్ ఆరిపోయింది. మెయిన్ వేయించాను. లేచింది. అన్న మీట నొక్కాడు. పది పోగులు నేశాక ఆపమన్నాను.

సేటు వంగి, వేలితో తడిమాడు. పిందె ముక్కు తెగింది. గోరుతో పోగులు లెక్కపెట్టాడు. మూడు.

"మళ్ల," అన్నాడు.

మళ్లీ చేశాం. ఈసారి దారాలు రెండు చుట్లకే సమమయ్యాయి. రెండు పోగుల తేడాతో తెగింది. మూడోసారి సాంచ సమంగా ఉన్నప్పుడే ఆగింది. అన్న చక్రం ముట్టలేదు. పిందె తెగలేదు.

పక్క సాంచాయన అన్న భుజం మీద కొట్టి, "గదీ సంగతి! నిద్రపోయింది కంప్యూటర్‌ అయితే పేరు నీకచ్చింది," అన్నాడు. అన్న నవ్వలేదు. తెగిన పిందెను చూస్తూ ఉన్నాడు, నిజంగా తను నిద్రపోలేదా అన్నట్టు.

సేటు నన్ను అడిగాడు: "నువ్వు జెప్పకుంటె నాకు ఎరుకనే కాకపోవు. చాటుకు మంచిగ జేసి ఊకోవచ్చు. ఎందుకు జెప్పినవ్?"

"మా అన్న నిలవడి పనిజేస్తుండు సేటు."

ఆయన బయటికి వెళ్తూ వెళ్తూ ఆగి, "సరే, ఆ సాంచ ఆయిననే నడుపుమను," అన్నాడు. తప్పుగా అనుకున్నాననే మాట ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. అన్నాలు తిని వచ్చినవాళ్లకు సాంచ నడుస్తూ కనబడింది. ఏం జరిగిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. పని అయిపోయిందనుకున్నాను. అది నా ఇంకో తప్పు. అందుకే పెళ్లిలో ఆ నవ్వు వినవలసి వచ్చింది.

కొత్త డ్రైవర్ రాయడానికి పది రోజులు పట్టింది. డిస్కు నిద్ర నుంచి లేచినప్పుడు అది ఇప్పుడు డబ్బాకు ఏ నంబరూ ఇవ్వదు. డబ్బాను మొదటినుంచి సిద్ధం చేసి, సాంచ నడవకుండా ఆపి ఉంచుతుంది. తను దాచుకున్న లైనునూ, దానికి ముందువీ వెనకవీ నాలుగేసి లైన్లనూ తెర మీద పెద్దగా చూపిస్తుంది. బట్టను చూసి ఇందులో ఏదో చెప్పమంటుంది. చెప్పగలిగింది సాంచ ముందున్న మనిషి ఒక్కడే. అన్న వంగి పిందెను చూసి, వేలు పెట్టి చూపిస్తాడు. పావు నిమిషం పని. నేను తీసేస్తానన్న అరగంటలో ఈ పావు నిమిషం ఉంచాలని మొదట తెలియలేదు.

మొదటిసారి అది అట్లా అడిగినప్పుడు అన్న తెర వైపు చూసి, "ఏందే, నన్నడుగుతుంది?" అన్నాడు.

"నీకే ఎరుక గదా," అన్నాను.

రెండేళ్లలో ఆ సాంచ మీద పిందె తెగలేదు. నాకు మాత్రం గాలి లేస్తే ఇప్పటికీ షాపులో కుర్చీ నిలవదు. కోరుట్లలో కరెంటు పోతే సిరిసిల్లకు ఫోను చేస్తాను. "ఉన్నది తీ," అంటుంది వదిన, "నీ సాంచకు జ్వరం రాలే."

ఇక దీనికి తోడుపడ్డ అందరినీ పేరుపేరునా తలచుకోవాలని ఉంది. కానీ పేర్లు రాయొద్దని అన్న షరతు. పేరు రాస్తే ఇంకో పెళ్లిలో ఇంకో ముచ్చట లేస్తుందట. కాబట్టి ఈ దండాలు ఎవరివి వాళ్లు గుర్తుపట్టుకోవాలి. బయటికి ఇవ్వని పుస్తకాన్ని తన పూచీ మీద రెండు రోజులు ఇచ్చి, నేను మూడో రోజు తెచ్చినా ఏమీ అనని జగిత్యాల గ్రంథాలయం అమ్మకు. ఎక్కడివాళ్లో, ఎప్పటికీ చూడని నాలాంటి వాళ్ల కోసం ఆ కాగితాలు రాసిపెట్టిన వాళ్లకు. అన్నం మానేసి వచ్చి మెయిన్ మూడుసార్లు బంద్ చేసిన పక్క సాంచాయనకు. నమ్మకపోయినా గోరుతో పోగులు లెక్కపెట్టిన సేటుకు. నేను లేచిన ప్రతిసారీ కంచం మూతపెట్టి ఉంచిన వదినకు. మోకు సంగతి గుర్తుచేసిన బాపుకు.

అన్నకు వేరేగా చెప్పాలి. ఆ మధ్యాహ్నం సేటు వెళ్లిపోయాక పక్క సాంచాయన పీట తెచ్చి అన్న కాళ్ల దగ్గర పెట్టాడు. అన్న దాని దిక్కు కాసేపు చూశాడు. కూర్చున్నాడు.